వర్క్‌షాపా, ఆన్‌లైన్ కోర్సా? ఉపాధ్యాయులు శిక్షణను ఎంచుకునే ముందు చూడవలసినవి

బోధనను మెరుగుపరచుకోవాలనుకునే ఉపాధ్యాయుల ముందు ఇప్పుడు ఎన్నో దారులు ఉన్నాయి. ఒక్క పూటలో ముగిసే సెమినార్లు, రెండు మూడు రోజుల వర్క్‌షాపులు, వారాల తరబడి సాగే ఆన్‌లైన్ కోర్సులు, ముఖాముఖి తరగతులనూ ఆన్‌లైన్ పాఠాలనూ కలిపిన మిశ్రమ కార్యక్రమాలు, మెంటార్ తరగతికి వచ్చి పాఠం చూసి సలహా ఇచ్చే ఏర్పాట్లు, బడిలోనే సహోద్యోగులతో కలిసి చేసే పాఠ అధ్యయనం, ఇవన్నీ వృత్తిపరమైన అభివృద్ధి అన్న ఒకే పేరుతో చెలామణి అవుతున్నాయి. కొరత ఉన్నదల్లా సమయానికే. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2018లో అనేక దేశాల ఉపాధ్యాయులపై జరిపిన టాలిస్ సర్వేలో, శిక్షణకు అడ్డు వస్తున్నదేమిటని అడిగినప్పుడు, పని వేళలతో పొసగకపోవడమేనని సగానికి పైగా ఉపాధ్యాయులు చెప్పారు. దిద్దవలసిన నోటు పుస్తకాలు, పూర్తిచేయవలసిన సిలబస్, నింపవలసిన రికార్డుల మధ్య మిగుల్చుకున్న ఆ కొద్ది గంటలను ఏ శిక్షణకు ఇవ్వాలన్నది తేలికగా తీసుకోదగిన నిర్ణయం కాదు.

ఈ నిర్ణయంలో చాలామంది మొదట చూసేవి మూడు విషయాలు: శిక్షణ ఎక్కడ జరుగుతుంది, ఎన్ని రోజులు పడుతుంది, సర్టిఫికెట్ ఇస్తారా లేదా. వీటన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉందని నా నమ్మకం. శిక్షణ ముగిసిన తరువాతి నెలలో, నేర్చుకున్నదాన్ని నేను తరగతిలో ఆచరిస్తున్నప్పుడు, ఎవరైనా దాన్ని చూసి నాతో మాట్లాడతారా? ఈ ప్రశ్నకు అవునని జవాబు చెప్పగలిగే ఆన్‌లైన్ కోర్సు, చెప్పలేని వర్క్‌షాపు కంటే మేలైనది. అలా చెప్పగలిగే వర్క్‌షాపు, చెప్పలేని ఆన్‌లైన్ కోర్సు కంటే మేలైనది. ఈ కొలమానాన్నే ఎందుకు పట్టుకోవాలో ముందు చెప్పి, ఆ తరువాత ఏ అవసరానికి ఏది తగినదో చర్చిస్తాను.

మాధ్యమానికి ఎంత విలువ ఇవ్వాలి

ఒకే శిక్షణను ఒక జట్టుకు ముఖాముఖిగా, మరో జట్టుకు ఆన్‌లైన్‌లో ఇచ్చి నేరుగా పోల్చిన అధ్యయనాల్లో బారీ ఫిష్‌మన్ బృందం 2013లో ప్రచురించినది ముఖ్యమైనది. ఏడాది పొడవునా సాగే ఒక పర్యావరణ విజ్ఞాన పాఠ్యక్రమాన్ని బోధించవలసిన 49 మంది ఉపాధ్యాయులను రెండు జట్లుగా చేసి, ఆ పాఠాలను ఎలా చెప్పాలో ఒక జట్టుకు వర్క్‌షాపులో, మరో జట్టుకు ఆన్‌లైన్‌లో నేర్పారు. ఉపాధ్యాయుల అవగాహనలో గానీ, వారి బోధనలో గానీ, విద్యార్థుల అభ్యసనంలో గానీ రెండు జట్ల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. నేర్పు వచ్చేది బోధనా పద్ధతి వల్లనే తప్ప దాన్ని చేరవేసే మాధ్యమం వల్ల కాదని రిచర్డ్ క్లార్క్ 1983లోనే వాదించారు. ఆయన వాదానికి ఈ ఫలితం బలం చేకూరుస్తుంది. అమెరికా విద్యాశాఖ 2010లో వెలువరించిన ఒక విస్తృత సమీక్ష మిశ్రమ పద్ధతికి కొంత మొగ్గు ఉన్నదని తేల్చింది. అయితే మిశ్రమ పద్ధతిలో చదివినవారికి అదనపు సమయమూ అదనపు సామగ్రీ కూడా దొరికాయని, అందువల్ల ఆ ఘనతను మాధ్యమానికి కట్టబెట్టరాదని ఆ సమీక్షే హెచ్చరించింది.

ఇక్కడితో ఆగిపోతే ఏదైనా ఒకటే అనిపిస్తుంది. అలా అనుకోవడం పొరపాటని దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రయోగాలు చూపాయి. అక్కడ 180 ప్రభుత్వ పాఠశాలల్లో జరిగిన మొదటి ప్రయోగంలో, ప్రాథమిక తరగతుల్లో చదవడం నేర్పే ఉపాధ్యాయులకు ఒకే రకమైన పాఠ్య ప్రణాళికలు, పుస్తకాలు ఇచ్చారు. ఒక జట్టును కేంద్రీయ శిక్షణకు పిలిపించారు, మరో జట్టు దగ్గరకు మెంటార్లను తరగతి గదికే పంపారు. రెండేళ్ల తరువాత పిల్లల పఠన సామర్థ్యంలో కనిపించిన పెరుగుదల మొదటి జట్టులో 0.12 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) కాగా, రెండో జట్టులో 0.24, అంటే సరిగ్గా రెట్టింపు. ఆ తరువాత ఆంగ్ల బోధనపై జరిపిన మరో ప్రయోగంలో, తరగతికి వచ్చే మెంటార్‌ను, టాబ్లెట్, ఫోను, సందేశాల ద్వారా మాత్రమే పలకరించే మెంటార్‌తో పోల్చారు. మొదటి ఏడాది చివర చూసినప్పుడు రెండూ ఇంచుమించు సమానంగానే కనిపించాయి. మూడేళ్ల తరువాత పరిస్థితి మారిపోయింది. మెంటార్ నేరుగా వచ్చిన బడుల్లో పిల్లల మౌఖిక ఆంగ్లం 0.31 ప్రామాణిక విచలనం మేరకు పెరిగితే, దూరం నుంచి తోడ్పడిన బడుల్లో 0.12 మాత్రమే పెరిగింది. చదవడంలో దూర తోడ్పాటు వల్ల ప్రయోజనమే కనిపించలేదు. తొలి ఏడాది ఫలితాన్ని చూసి చౌకగా వచ్చేదాన్ని ఎంచుకున్నవారు ఎంత నష్టపోయేవారో ఊహించవచ్చు.

అలాగని దూరం నుంచి ఇచ్చే తోడ్పాటు ఎప్పుడూ విఫలమవుతుందనీ కాదు. 2011లో సైన్స్ పత్రికలో వెలువడిన అధ్యయనంలో జోసెఫ్ అలెన్, రాబర్ట్ పియాంటా బృందం 78 మంది ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులతో పనిచేసింది. ఆరంభంలో ఒక వర్క్‌షాపు జరిగింది. ఆ తరువాత ఉపాధ్యాయులు తమ పాఠాలను వీడియో తీసి పంపేవారు. మెంటార్ ఆ వీడియోలోంచి చిన్న చిన్న భాగాలను ఎంచి, ఇక్కడ ఈ విద్యార్థి ఏం చేస్తున్నాడు, మీరు అన్న మాటకు అతడు ఎలా స్పందించాడు అని ప్రశ్నలు రాసి పంపేవారు. తరువాత ఇద్దరూ ఫోనులో మాట్లాడుకునేవారు. 13 నెలల్లో ఒక్కో ఉపాధ్యాయుడు దీనికి వెచ్చించిన సమయం సుమారు 20 గంటలే. అయినా ఆ మరుసటి ఏడాది వారి విద్యార్థుల మార్కులు 0.22 ప్రామాణిక విచలనం మేరకు పెరిగాయి. అంటే సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థి, వందమందిలో తొమ్మిది మందిని దాటుకుని ముందుకు వెళ్లినంత మార్పు.

దక్షిణాఫ్రికాలోని దూర తోడ్పాటులోనూ, అలెన్ బృందం ప్రయోగంలోనూ మెంటార్ దూరంగానే ఉన్నాడు. నా అవగాహనలో అసలు తేడా మెంటార్‌కు తరగతి కనిపించడంలో ఉంది. ఒకచోట మెంటార్ ఉపాధ్యాయుడు చెప్పినది విని సలహా ఇచ్చాడు, మరోచోట పాఠాన్నే చూసి సలహా ఇచ్చాడు. తన తరగతిలో ఏం జరుగుతున్నదో ఉపాధ్యాయుడు చెప్పే వృత్తాంతం ఎంత నిజాయితీతో చెప్పినదైనా, దాన్ని బట్టి ఇచ్చే సలహా గురి తప్పే అవకాశం ఎక్కువ. ఇది కింది ఉదాహరణలో స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగాక మూడు సెకన్లు ఆగడం

మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో సైన్సు తరగతుల ధ్వని ముద్రణలను పరిశీలించి, ప్రశ్న అడిగిన తరువాత ఉపాధ్యాయులు జవాబు కోసం సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని గుర్తించారు. ఆ వ్యవధిని మూడు సెకన్లకు పెంచితే విద్యార్థుల జవాబులు పొడవుగా వస్తాయని, పిలవకుండానే జవాబు చెప్పేవారు పెరుగుతారని, తెలియదు అనేవారూ మౌనంగా ఉండిపోయేవారూ తగ్గుతారని ఆమె చూపారు. ఖర్చు లేని, సామగ్రి అవసరం లేని, రేపటి పీరియడు నుంచే మొదలుపెట్టదగిన మెలకువ ఇది.

దీన్ని ఒక ఆన్‌లైన్ కోర్సులో నేర్చుకున్నామనుకుందాం. పది నిమిషాల వీడియో చూస్తాం, ఎన్ని సెకన్లు ఆగాలి అన్న క్విజ్ ప్రశ్నకు మూడు అని సరైన గడిని నొక్కుతాం, మాడ్యూల్ పూర్తవుతుంది. మరునాడు తరగతిలో, మంచు ముక్క నీటిలో ఎందుకు తేలుతుందని అడుగుతాం. ఒక సెకను గడిచేసరికి ముందు బెంచీలో రెండు చేతులు లేస్తాయి. రెండో సెకనులో ఆ నిశ్శబ్దం భరించలేనిదవుతుంది. ప్రశ్న అర్థం కాలేదేమోనన్న అనుమానంతో దాన్నే మరో విధంగా అడుగుతాం, లేదా సాంద్రత గురించి నిన్న చెప్పుకున్నాం కదా అని సగం జవాబు మనమే అందిస్తాం. అప్పుడే ఆలోచన మొదలుపెట్టిన వెనుక బెంచీ పిల్ల ఆలోచన అక్కడితో తెగిపోతుంది. ఇన్ని జరిగినా, పీరియడు ముగిశాక ఎవరైనా అడిగితే, ఆగానుగా అనే చెబుతాం. అబద్ధం చెప్పాలని కాదు, పాఠం చెప్పేవారికి రెండు సెకన్లు పదిలా అనిపిస్తాయి.

ఇదే విషయాన్ని వర్క్‌షాపులో నేర్చుకుంటే, తోటి ఉపాధ్యాయులు విద్యార్థులుగా కూర్చోగా మూడు సెకన్ల నిశ్శబ్దాన్ని ఒంటితో అనుభవించే అవకాశం ఉంటుంది. ఆ మౌనంలో ఏం చేయాలో కూడా అక్కడే సాధన చేయవచ్చు. చూపును వెనుక వరుసల మీదుగా నెమ్మదిగా తిప్పడం, మనసులో లెక్కపెట్టుకోవడం, చేతులెత్తే ముందు జవాబును నోటు పుస్తకంలో రాయమనడం వంటివి ఒకసారి చేసి చూస్తేనే పట్టుబడతాయి. కానీ నలభై మంది నిజమైన పిల్లల ముందు, గంట కొట్టడానికి ఐదు నిమిషాలు మిగిలిన వేళ, ఈ సాధన నిలుస్తుందా అన్నది వర్క్‌షాపు కూడా చెప్పలేదు. అందుకు వెనుక కూర్చుని గడియారం చూస్తూ ప్రతి ప్రశ్న తరువాతి వ్యవధిని కాగితం మీద రాసే సహోద్యోగి కావాలి, లేదంటే బల్ల మీద పెట్టిన ఫోనులో రికార్డు చేసుకున్న మన గొంతును మనమే వినాలి.

తెలుసుకోవడం, చేయగలగడం, అలవాటు కావడం అనే మూడు దశలు ఈ చిన్న మెలకువలోనే ఉన్నాయి. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లోనే ఉపాధ్యాయ శిక్షణకు ఐదు అంగాలను ప్రతిపాదించారు: సిద్ధాంతం చెప్పడం, చేసి చూపడం, సాధన చేయించడం, ఎలా చేశారో చెప్పడం, తరగతి గదిలో తోడుండడం. మంచి ఆన్‌లైన్ కోర్సు మొదటి రెంటినీ చక్కగా అందిస్తుంది. మంచి వర్క్‌షాపు మొదటి నాలుగింటినీ అందించగలదు. ఐదోది బడిలోనే జరగాలి, లేదా బడిని చూపించే వీడియో ద్వారా జరగాలి. కాబట్టి మీ అవసరం ఏ దశలో ఉన్నదో తేల్చుకుంటే ఎంపిక సగం పూర్తయినట్లే.

ఆన్‌లైన్ కోర్సు ఎవరికి, ఎప్పుడు

విషయ పరిజ్ఞానాన్ని పెంచుకోవడానికి ఆన్‌లైన్ కోర్సును మించినది లేదని చెప్పడానికి నేను సంకోచించను. ఉదాహరణకు భిన్నాలు బోధించే ఉపాధ్యాయుడికి, ఆరు కంటే ఎనిమిది పెద్దది కనుక ఆరో వంతు కంటే ఎనిమిదో వంతు పెద్దదని పిల్లలు ఎందుకు అనుకుంటారో, సగానికి మూడో వంతు కలిపితే ఐదింట రెండు వంతులు అని ఎలా రాస్తారో, ఆ తప్పుల వెనుక ఉన్న ఆలోచన ఏమిటో తెలియాలి. ఇటువంటి జవాబుల నమూనాలను పదులకొద్దీ చూపించి, ఒక్కోదాన్నీ ఆపి, వెనక్కి వెళ్లి చూసే వీలు కల్పించేది ఆన్‌లైన్ కోర్సే. వర్క్‌షాపులో వేగం అందరికీ ఒకటే. తెలిసినవారు విసుగు చెందుతారు, తెలియనివారు అడగడానికి మొహమాటపడతారు. బడిలో ఆ సబ్జెక్టు చెప్పేది తానొక్కరే అయిన ఉపాధ్యాయులకు, కొత్తగా మరో సబ్జెక్టు లేదా పై తరగతి చేతికి వచ్చినవారికి, డిస్లెక్సియా (చదవడంలో, రాయడంలో ఎదురయ్యే ఇబ్బంది) వంటి ప్రత్యేక అవసరం ఉన్న విద్యార్థి తరగతిలో చేరగా దాని గురించి త్వరగా తెలుసుకోవలసినవారికి, చంటిబిడ్డలో పెద్దవారో ఇంట్లో ఉండి రోజుల తరబడి బయట గడపలేనివారికి ఇది మేలైన దారి.

దీని ప్రధాన లోపం పూర్తి కాకపోవడం. ఎంఐటీ, హార్వర్డ్ సంస్థలు ఎడ్‌ఎక్స్ వేదికపై అందరికీ తెరిచి ఉంచిన కోర్సుల సమాచారాన్ని విశ్లేషించి జస్టిన్ రైష్, హోసే రుయిపెరెస్ వలియెంతె 2019లో ప్రచురించిన వివరాల ప్రకారం, 2017-18లో పేరు నమోదు చేసుకున్నవారిలో కోర్సు పూర్తిచేసినవారు 3.13 శాతమే. రుసుము చెల్లించి ధ్రువపత్రం కోసం చేరినవారిలో అది 46 శాతం. ఇవి అన్ని రంగాల అభ్యాసకులకు సంబంధించిన అంకెలే తప్ప ఉపాధ్యాయులకు మాత్రమే చెందినవి కావు. అయినా ఇందులో నేర్చుకోవలసినది ఉంది. ఏదో ఒక కట్టుబాటు ఉన్నవారు ముగించే అవకాశం ఎక్కువ. ఆ కట్టుబాటు రుసుమే కానక్కరలేదు. ఒకే బడి నుంచి ఇద్దరు ముగ్గురు కలిసి చేరి, వారానికి ఒక నిర్ణీత గంటను దానికి కేటాయించుకుని, స్టాఫ్‌రూములో కూర్చుని కలిసి చూసి చర్చించుకుంటే అది కూడా గట్టి కట్టుబాటే. ఒంటరిగా, రాత్రి పని ముగిశాక, తేదీల నియమం లేని కోర్సును పూర్తిచేద్దామనుకునేవారు ఎక్కువగా మొదటి రెండు మాడ్యూళ్ల దగ్గరే ఆగిపోతారు.

కోర్సు వివరాలు చదివేటప్పుడు అధ్యాపకుల బిరుదుల కంటే మూల్యాంకనం ఎలా జరుగుతుందో చూడండి. బహుళైచ్ఛిక ప్రశ్నలు మాత్రమే ఉంటే, ఆ కోర్సు మీకు సమాచారం ఇస్తుంది, అంతకుమించి వాగ్దానం చేసినా నమ్మనక్కరలేదు. పాఠ్య ప్రణాళిక రాసి పంపమంటే కొంత మేలు. మీ తరగతిలో ఒక పాఠం చెప్పి, దాని వీడియోనో విద్యార్థుల రాత పనుల ప్రతులనో పంపమని, వాటిని ఒక మనిషి చదివి స్పందిస్తారని ఉంటే ఆ కోర్సు విలువైనది. వీడియో విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పిల్లలు కనిపించే చిత్రీకరణకు బడి అనుమతి, తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోవాలి. వీలైతే కెమెరాను ఉపాధ్యాయుడి వైపే ఉంచి పిల్లల గొంతులు మాత్రమే వినిపించేలా చేయాలి. ఆ వీడియోను ఎవరు చూస్తారో, ఎంతకాలం దాచుకుంటారో నిర్వాహకులు స్పష్టంగా చెప్పని చోట దాన్ని పంపకపోవడమే మంచిది.

వర్క్‌షాపు విలువ, దానిలోని గంటల లెక్క

ఒక్క రోజు వర్క్‌షాపులను తీసిపారేయడం ఈ మధ్య పరిపాటి అయింది. ఆ విమర్శలో నిజం ఉన్నా అది వర్క్‌షాపు అనే రూపానికే చెందినది కాదు. క్వాంగ్ సుక్ యూన్ బృందం 2007లో 1,300కు పైగా అధ్యయనాలను వడపోసి, కఠినమైన ప్రమాణాలకు నిలిచినవి తొమ్మిదే అని తేల్చింది. విద్యార్థుల ఫలితాలు మెరుగుపడినట్లు చూపిన అధ్యయనాలన్నిటిలోనూ వర్క్‌షాపులు గానీ, సెలవుల శిబిరాలు గానీ ఉన్నాయని థామస్ గస్కీ, యూన్ 2009లో ప్రత్యేకంగా గుర్తుచేశారు. అదే సమీక్షలో 14 గంటలు, అంతకంటే తక్కువ సాగిన శిక్షణల వల్ల గణనీయమైన ఫలితం కనిపించలేదు. అయితే గంటలు పెంచినంత మాత్రాన ఫలితం వస్తుందని కూడా అనుకోరాదు. మేరీ కెనడీ 2016లో చేసిన సమీక్షలో వ్యవధి ఒక్కటే నమ్మదగిన సూచిక కాదని తేలింది. పేలవమైన శిక్షణను రెట్టింపు సేపు ఇస్తే రెట్టింపు సమయం వృథా అవుతుంది.

చేతులతో చేసి నేర్చుకోవలసిన పనులకు వర్క్‌షాపే తగినది. ప్రయోగశాల పరికరాలను సురక్షితంగా వాడడం, బోధనోపకరణాలు తయారుచేయడం, కథను గొంతు మార్చి చదివి వినిపించడం, సంజ్ఞా భాష, నాటకీకరణ, క్రీడల శిక్షణ వంటివి తెర మీద చూసి నేర్చుకున్నవారికీ పక్కన నిలబడి నేర్చుకున్నవారికీ మధ్య తేడా తెలిసిపోతుంది. కొత్త పాఠ్యపుస్తకాలు వచ్చినప్పుడు, వాటిని బోధించబోయే వారందరూ ఒకచోట కూర్చుని ఒక్కో పాఠాన్నీ విప్పి చూసుకోవడానికి కూడా ఇదే సరైన వేదిక. బోధన ఒంటరి పని. తలుపు మూసుకున్న గదిలో ఏళ్ల తరబడి సాగే ఆ పనిలో, ఇతరులకూ ఇవే ఇబ్బందులు ఉన్నాయని తెలుసుకోవడం ఉపాధ్యాయుడికి నిజమైన బలాన్ని ఇస్తుంది. ఈ ప్రయోజనాన్ని అంకెల్లో చూపలేకపోయినా తక్కువగా అంచనా వేయకూడదు.

చేరే ముందు ఆ రోజు కార్యక్రమ పట్టికను అడిగి తెప్పించుకుని గంటల లెక్క వేయండి. ఉదయం 10 నుంచి సాయంత్రం 4.30 వరకు అంటే ఆరున్నర గంటలు. ప్రారంభ సభకు అర్ధగంట, భోజన విరామానికి గంట, మధ్యలో రెండు విరామాలకు అర్ధగంట, చివర అభిప్రాయ పత్రాలు నింపి సర్టిఫికెట్లు పంచడానికి మరో అర్ధగంట తీసివేస్తే మిగిలేది నాలుగు గంటలు. అందులో మూడు గంటలు రిసోర్స్ పర్సన్ స్లైడ్లు చూపిస్తూ మాట్లాడితే సాధనకు మిగిలేది ఒక గంట. పాల్గొన్నవారు నలభై మంది అయితే, అందరి ముందు నిలబడి చేసి చూపే అవకాశం ఒక్కొక్కరికి ఒకటిన్నర నిమిషం. ఉపన్యాసమే వినాలనుకుంటే దాన్ని ఇంట్లో కూర్చుని వినవచ్చు. సాధనకు సగం సమయమైనా ఇవ్వని వర్క్‌షాపుకు ప్రయాణించి వెళ్లడం వృథా. పాల్గొనేవారిని చిన్న చిన్న జట్లుగా చేసి ఒకేసారి సాధన చేయిస్తారా, వారిలో మీ సబ్జెక్టు, మీ తరగతుల స్థాయి చెప్పేవారు ఎంతమంది ఉంటారు, శిక్షణ ఇచ్చేవారు స్వయంగా ఆ తరగతులకు బోధించినవారా అన్నవి కూడా అడగదగిన ప్రశ్నలే. ఒకరికి శిక్షణ ఇచ్చి, వారి చేత మరికొందరికి, ఆ కొందరి చేత ఇంకొందరికి ఇప్పించే అంచెల శిక్షణలో చివరి అంచెకు మిగిలేది తరచుగా స్లైడ్ల కట్ట మాత్రమే. మీరు ఏ అంచెలో కూర్చోబోతున్నారో ముందే తెలుసుకోండి.

బడిలోనే జరిగే శిక్షణ

తరగతి గదికి వచ్చి చూసి తోడ్పడే మెంటార్ పద్ధతిపై మాథ్యూ క్రాఫ్ట్, డేవిడ్ బ్లేజర్, డిలన్ హోగన్ 2018లో 60 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. బోధనా నాణ్యతలో 0.49, విద్యార్థుల ఫలితాల్లో 0.18 ప్రామాణిక విచలనం మేరకు మెరుగుదల కనిపించింది. కానీ వందమందికి పైగా ఉపాధ్యాయులతో నడిచిన పెద్ద కార్యక్రమాల్లో ఈ ప్రభావం బాగా తగ్గింది. అనుభవజ్ఞులైన మెంటార్లు పెద్ద సంఖ్యలో దొరకకపోవడం ఇందుకు ఒక కారణమై ఉంటుందని తోస్తుంది. అందుకే ఫలానా కార్యక్రమంలో మెంటార్ ఉంటారని వినగానే సంతోషించకుండా, ఒక్కో మెంటార్ ఎంతమందిని చూస్తారో, నెలకు ఎన్నిసార్లు చూస్తారో, ఆయన ఇచ్చే సలహా వార్షిక పనితీరు నివేదికకు ముడిపడి ఉంటుందా అని అడగాలి. మార్కులు వేసే మనిషి ముందు ఎవరూ తమ బలహీనమైన పాఠాన్ని చెప్పరు.

మెంటార్ దొరకని బడులకు జపాన్ ఉపాధ్యాయులు చాలాకాలంగా పాటిస్తున్న పాఠ అధ్యయనం మంచి మార్గం. నలుగురైదుగురు ఉపాధ్యాయులు కలిసి ఒకే ఒక్క పాఠాన్ని వివరంగా రూపొందిస్తారు. ఒకరు దాన్ని తరగతిలో చెబుతుంటే మిగిలినవారు ఉపాధ్యాయుడిని కాకుండా విద్యార్థులను గమనించి, ఎవరు ఎక్కడ ఆగిపోయారో రాసుకుంటారు. తరువాత కూర్చుని చర్చించి, పాఠాన్ని సవరించి, మరో సెక్షనులో మళ్లీ చెబుతారు. దీనికి రుసుము లేదు, వేదిక అక్కరలేదు, టైంటేబుల్‌లో వెసులుబాటు మాత్రం కావాలి. విమర్శ పాఠం మీదే తప్ప మనిషి మీద పడకపోవడం ఇందులోని గొప్ప సౌలభ్యం.

చెప్పే విషయం సరైనదేనా

శిక్షణ రూపం ఎంత చక్కగా ఉన్నా చెప్పే విషయం తప్పయితే నష్టమే. ప్రతి పిల్లవాడికీ దృశ్య, శ్రవణ, స్పర్శ అంటూ ఒక అభ్యసన శైలి ఉంటుందనీ, దానికి తగినట్లు బోధిస్తేనే నేర్చుకుంటాడనీ ఇప్పటికీ అనేక శిక్షణల్లో చెబుతున్నారు. హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లో చేసిన సమీక్షలో ఈ వాదానికి తగిన ఆధారం లేదని తేల్చింది. చదివినదానిలో పది శాతం, విన్నదానిలో ఇరవై శాతం గుర్తుంటుందంటూ చూపించే పిరమిడ్ బొమ్మలోని అంకెలకు కూడా నమ్మదగిన పరిశోధన ఆధారం లేదు. ఈ రెండింటిలో ఏదైనా పాఠ్యాంశాల జాబితాలో కనిపిస్తే, మిగతా అంశాలను కూడా అనుమానంతో పరిశీలించడం న్యాయమే.

నిర్వాహకులు చూపే సంతృప్తి శాతాలను కూడా ఇలాగే చూడాలి. శిక్షణను ఐదు స్థాయుల్లో అంచనా వేయాలని గస్కీ 2000లో ప్రతిపాదించారు: పాల్గొన్నవారికి నచ్చిందా, వారు నేర్చుకున్నారా, బడి తోడ్పడిందా, తరగతిలో వాడారా, విద్యార్థులకు మేలు జరిగిందా. రోజు చివర నింపే అభిప్రాయ పత్రం మొదటి స్థాయిని మాత్రమే కొలుస్తుంది. పైస్థాయుల గురించి అడిగినప్పుడు నిర్వాహకులు ఏదో ఒక ఆధారం చూపగలిగితే వారిని గౌరవించాలి.

ఎవరికి ఏది

మొదటి రెండు మూడేళ్లలో ఉన్న ఉపాధ్యాయులకు తరగతి నిర్వహణ, సమయ పాలన, ప్రశ్నలు అడగడం వంటివే ప్రధాన సమస్యలు. ఇవన్నీ అలవాట్లకు చెందినవి కాబట్టి వారికి ఆన్‌లైన్ కోర్సు కంటే, పక్క గదిలోని అనుభవజ్ఞుల పాఠాలు చూడడం, వారి చేత తమ పాఠం చూపించుకోవడం ఎక్కువ మేలు చేస్తాయని నేను గట్టిగా చెబుతాను. వర్క్‌షాపుకు వెళ్లే అవకాశం వస్తే, సాధన ఎక్కువగా ఉన్న చిన్న జట్టును ఎంచుకోవాలి. పదేళ్లు దాటినవారికి సాధారణ మెలకువల శిక్షణ విసుగు పుట్టిస్తుంది. వారికి తమ సబ్జెక్టులోనే లోతైన ఆన్‌లైన్ కోర్సు గానీ, పాఠ అధ్యయనానికి నాయకత్వం వహించే బాధ్యత గానీ కొత్త ఉత్సాహాన్ని ఇస్తుంది. ఒక్కరో ఇద్దరో ఉపాధ్యాయులున్న చిన్న బడుల్లో పనిచేసేవారికి తోడుగా కూర్చుని చూసేవారు ఉండరు కాబట్టి, మనిషి స్పందించే ఆన్‌లైన్ కోర్సును, దానికి తోడు తమ పాఠాన్ని తామే రికార్డు చేసుకుని వారానికి ఒకసారి వినే అలవాటును సూచిస్తాను. ప్రోత్సాహకం కోసమో పదోన్నతి కోసమో నిర్ణీత గంటల శిక్షణ చూపించవలసి ఉంటే, ఆ కోర్సుకు గుర్తింపు ఉందో లేదో సంబంధిత అధికారుల నుంచి రాతపూర్వకంగా తెలుసుకున్నాకే చేరాలి. కోర్సు ప్రకటనలోని మాటను నమ్ముకోకూడదు.

ఎప్పుడు చేరాలన్నది కూడా ఎంపికలో భాగమే. ఉపాధ్యాయుల నమ్మకాలు శిక్షణలో మారవని, కొత్త పద్ధతి వల్ల తమ విద్యార్థులు మెరుగుపడడం కళ్లారా చూశాకే మారతాయని గస్కీ 1986లో వివరించారు. అందువల్ల నేర్చుకోవడానికీ వాడడానికీ మధ్య ఎడం తక్కువగా ఉండాలి. భిన్నాల పాఠం రెండు నెలల తరువాత వస్తుందంటే, భిన్నాల కోర్సును ఆ పాఠానికి రెండు మూడు వారాల ముందు ముగిసేలా చూసుకోవాలి. పెద్ద సెలవుల్లో చేసే శిబిరం విషయ పరిజ్ఞానానికి పనికివస్తుంది గానీ, బడి తెరిచేసరికి మెలకువలు మరపున పడతాయి.

ప్రధానోపాధ్యాయులకు ఒక మాట. ఇరవై మందిని ఇరవై వేర్వేరు శిక్షణలకు పంపడం కంటే, ఒకే సబ్జెక్టు చెప్పే ముగ్గురిని ఒకే కార్యక్రమానికి పంపితే వారు తిరిగివచ్చాక ఒకరి పాఠం ఒకరు చూసుకోగలుగుతారు. అందుకు వారికి కావలసినది వారానికి ఒక ఖాళీ పీరియడు, అది కూడా ముగ్గురికీ వేర్వేరు వేళల్లో, ఒకరు పాఠం చెబుతున్నప్పుడు మరొకరు వెళ్లి కూర్చునేలా. శిక్షణకు పేర్లు పంపే రోజే ఆ పీరియడ్లను టైంటేబుల్‌లో గుర్తించి, సెలవులో ఉన్నవారి తరగతులకు వారిని సర్దుబాటుగా పంపకుండా కాపాడాలి. సాధారణంగా మొదట కోతపడేది ఆ పీరియడే.